ఇరవై రెండు అంగుళాల గౌను

మార్చి 3

అక్కా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఫోన్ నీది కాదు, షాపుది. మోగితే కోడలు తీస్తుంది. కోడలు పనిలో ఉంటే కాజాలు కుట్టే ఆవిడ తీస్తుంది. మెసేజ్ పెడితే కళ్ళజోడు కనబడలేదని ఎవరిచేతనో పైకి చదివిస్తావు. నీ ఒక్కదానికే ఒక మాట చెప్పాలంటే పోస్టు డబ్బా తప్ప దారి లేదు. ఈ ఊళ్ళో అది ఎక్కడుందో కనుక్కోవడానికి నిన్న ఆదివారమంతా పట్టింది. మొక్కల నర్సరీకి పనికి రోజూ ఆ గోడ పక్కనుంచే నడిచి వెళుతున్నానట.

విషయం ఇది. మేము ఒక పాపను పెంచుకోబోతున్నాం. నాలుగేళ్ళ పిల్ల. పిల్లల హోమ్‌లో ఉంటుంది. రెండుసార్లు వెళ్ళి చూశాం. మొదటిసారి మాతో మాట్లాడలేదు. రెండోసారి మీ మరిది చేతిమీద వార్నిష్ మరక చూసి, "కడుక్కోలేదా?" అంది. ఆయన లేచి వెళ్ళి కుళాయి దగ్గర కడుక్కొచ్చారు. మోటారు వైండింగ్ చేసేవాడి చేతి మరక సబ్బుకు పోతుందా? పోలేదు. చూసి, "సర్లే" అంది.

ఇంకా ఏదీ ఖాయం కాలేదు. దత్తత ఇచ్చే ఆఫీసు నుంచి ఒకావిడ మా ఇంటికొచ్చి చూస్తుంది, ఇరుగుపొరుగును అడుగుతుంది. ఆవిడ రాసేదాన్ని బట్టే పిల్లను ఇవ్వడం, ఇవ్వకపోవడం. ఆరేళ్ళ కిందట నేను డాక్టరు దగ్గరికెళితే ఏమైందో నీకు చెప్పక్కర్లేదు. రిపోర్టు నా చేతికి రాకముందే పిన్ని ఫోన్ చేసి ఓదార్చింది. నా సంగతి అలా తిరిగితే తిరిగింది. ఈ పిల్ల సంగతి అలా తిరగకూడదు. తను ఎక్కడినుంచి వచ్చిందో తనకు అర్థమయ్యే వయసొచ్చాక, తను చెప్పుకుంటే చెప్పుకుంటుంది, లేకపోతే లేదు. బడిలో చేరకముందే బడికి తెలిసిపోకూడదు. అందుకని కడుపులో పెట్టుకో.

ఒక గౌను కుట్టి పంపు. కొలతలు తీయడానికి నా దగ్గర టేపు లేక, మొక్కలకు అంటు కట్టే ప్లాస్టిక్ పట్టీ మీద పెన్నుతో గీతలు పెట్టాను. ఇందులో పెడుతున్నాను. పై గీత భుజం, కింది గీత మోకాలు.

నీ చెల్లి

మార్చి 11

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి వెనకగదిలోకి పోయి కాసేపు కూర్చున్నాను. అంతకంటే ఏమీ రాయను, నాకు చేతకాదు.

నీ ప్లాస్టిక్ పట్టీ లాగితే సాగుతుందని నీకు తెలుసా? మొదటిసారి కొలిస్తే ఇరవై రెండు, రెండోసారి ఇరవై నాలుగు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, సాగే కొలతలు పంపినవాళ్ళు ఇంతవరకు లేరు. ఇరవై రెండే ఉంచి, కింద రెండు అంగుళాలు లోపలికి మడిచి కుట్టాను. పెరిగితే విప్పుకో. చేతులకు కుచ్చులు పెట్టలేదు. చేతి మరక అడిగే పిల్ల కుచ్చులు చూసి ఏమంటుందో అని.

ఎవరికీ చెప్పలేదు. మీ బావకు కూడా చెప్పలేదు. కోడలు "ఇది ఎవరి పిల్లకి అత్తయ్యా?" అంది. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ. మామూలుగా అన్నీ చేసినట్టే చేసి, ఇస్త్రీ పెట్టి, రేపు పార్సిల్ వేస్తున్నాను. నీ ఉత్తరం మిషను సొరుగులో, దారం ఉండల కింద ఉంది. ఆ సొరుగు తాళం నా మెడలో ఉంది. ఇంకేం కావాలి?

బడి యూనిఫారాలు నూట నలభై వచ్చి పడ్డాయి. అందరి పిల్లలకూ ఒకటే బట్ట, ఒక్క తల్లికీ ఒకటే మాట ఉండదు.

అక్క

మార్చి 17

అక్కా,

ఎవరికి చెప్పావు?

గౌను శుక్రవారం అందింది. బాగుంది. దాని గురించి రాద్దామని కూర్చుంటే ఫోన్ మోగడం మొదలుపెట్టింది, ఇప్పటికీ ఆగలేదు. నాకు మూడో నెలట! కొందరి లెక్కలో నాలుగు. పిన్ని "వేవిళ్ళు ఎలా ఉన్నాయే?" అంది. "ఏ వేవిళ్ళు?" అంటే, "దాచకే, నా దగ్గర కూడానా!" అని ఏడ్చింది. మన చుట్టాల గ్రూపులో అరవై మంది శుభాకాంక్షలు పెట్టారు. పిన్ని తోడికోడలి అల్లుడట, నేను ముఖం కూడా చూడని మనిషి, కడుపుతో ఉన్నవాళ్ళు ఎడమవైపు తిరిగి పడుకోవాలని వీడియో పంపాడు. పడుకునే తీరిక ఎవరిచ్చారు నాకు?

నర్సరీలో మట్టి సంచులు ఎత్తబోతే యజమాని పరిగెత్తుకొచ్చాడు. "బరువులు ముట్టుకోకమ్మా" అని బల్ల దగ్గర కూర్చోబెట్టి మొక్కల పేర్ల చీటీలు రాయమన్నాడు. పదేళ్ళుగా అంటు కట్టే చెయ్యి ఇది. "లేదండీ, అలాంటిదేం లేదు" అంటే నవ్వుతాడు. మొదట్లో అందరూ లేదనే అంటారట.

కాదని గట్టిగా చెబితే, మరి ఎక్కడినుంచి వచ్చింది ఈ మాట అని అడుగుతారు. అడిగితే ఏం చెప్పను? ఒకటి కాదంటే రెండోది చెప్పాలి. ఆ రెండోదే కదా చెప్పకూడనిది.

నీకు తప్ప నేను ఎవరికీ రాయలేదు. నువ్వే చెప్పాలి.

చెల్లి

మార్చి 21

ఏమే,

ఎవరికి చెప్పావు అని ఒక్క ముక్కలో అడిగేశావే, బాగున్నావా అని కూడా లేకుండా. నా నోటినుంచి ఒక్క అక్షరం బయటికి రాలేదు. వచ్చినా, కడుపుతో ఉందని ఎందుకు చెబుతాను? పాపను పెంచుకుంటోందని కదా నాకు తెలిసింది! ఆలోచించావా అది?

ఇక్కడ నా అవస్థ నువ్వు చూడలేదు. పిన్ని నాకు ఫోన్ చేసి, "సొంత అక్కవి, నీకు తెలిసి కూడా మాకు చెప్పలేదు" అని అరగంట దులిపింది. నాకు తెలియదంటే అబద్ధం. తెలుసంటే ఏం తెలుసో చెప్పాలి. మధ్యలో లైనింగ్ గుడ్డ రెండు అంగుళాలు పొట్టిగా కత్తిరించేశాను.

ఒకసారి మరిదిని అడుగు. కోపం తెచ్చుకోకు. మాట్లాడని మనుషులు ఒక్కోసారి ఎక్కడో ఒకచోట మాట్లాడేస్తారు. షాపుకు మోటారు ఇచ్చి కూర్చున్న వాళ్ళు పిల్లల్లేరా అని అడిగి ఉంటారు, ఈయన "వస్తారు" అని ఉంటాడు. వస్తారు అంటే లోకం ఏమనుకుంటుంది?

నేను ఏదో మాట వరసకు అంటున్నాను.

మీ అక్క

మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం ఆయనే ముందు తీశారు. చదివి, మడిచి, బల్లమీద పెట్టి, "మీ అక్క షాపులో ఫోన్ పట్టుకునేది ఎవరు?" అన్నారు. అంతే.

అదే నేనూ అడుగుతున్నాను. మీ కోడలు గౌను గురించి అడిగిందని నువ్వే రాశావు. మూతి ముడుచుకుందనీ నువ్వే రాశావు.

ఇప్పుడు ఇది మన కోపతాపాల సంగతి కాదు. మంగళవారం ఆఫీసు ఆవిడ వచ్చింది. నేను గదికి సున్నం వేయించి, కిటికీకి అడ్డు ఊచలు పెట్టించి, అన్నీ సిద్ధంగా ఉంచాను. ఆవిడ ఇల్లు చూసింది, బావుంది అంది. తర్వాత పక్కింటి టీచరమ్మను అడగడానికి వెళ్ళింది. టీచరమ్మ మంచిదే. ఆ మంచితనంతోనే, "పాపం, పన్నెండేళ్ళకి నీళ్ళోసుకుందండీ, మా అందరికీ ఎంత సంతోషమో" అని చెప్పింది. ఆవిడకు ఎవరు చెప్పారంటావా? పోయినేడు మా ఇంటికొచ్చినప్పుడు పిన్ని ఆవిడ నంబరు తీసుకుంది.

ఆఫీసు ఆవిడ తిరిగొచ్చి కూర్చోకుండానే అడిగింది. "మీకు పుడుతుంటే ఈ పాప ఎందుకమ్మా? పుట్టాక దీన్ని ఏం చేస్తారు?" లేదండీ అన్నాను. "వీధంతా ఉందంటోంది, మీరు లేదంటున్నారు. నేను ఏది రాసుకోను?" అంది. డాక్టరు కాగితం తెమ్మంది. అంతదాకా మా ఫైలు పక్కన పెడుతుందట. ఏప్రిల్ పదో తేదీలోగా తేలకపోతే మా తర్వాత ఉన్న జంటను పిలుస్తారు. వాళ్ళు కూడా ఆ పిల్లను ఒకసారి చూశారట.

కడుపుతో ఉందన్న మాట కోసం పన్నెండేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగాను. ఇప్పుడు లేదని రాసివ్వమని తిరుగుతున్నాను. నర్సు "ఎందుకమ్మా ఇది?" అంది. కాగితం మీద ముద్ర పడితే చాలు అన్నాను.

మీ కోడలిని అడుగు.

చెల్లి

ఏప్రిల్ 2

చెల్లీ,

కోడలిని అడిగాను. అడగడమేమిటి, కడిగేశాను. ఆ పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా ముందు ఫోన్ పెట్టి, "ఇది ఎవరు పెట్టారో చూడండి అత్తయ్యా" అంది.

నేనే పెట్టాను.

కుట్టిన ప్రతి బట్టకూ కొలతల చీటీ గుండుసూదితో గుచ్చుతాను కదా. ఇస్త్రీ అయ్యాక బల్లమీద పరిచి ఫోటో తీసి షాపు స్టేటస్‌లో పెడతాను. బేరాలు దానివల్లే వస్తాయి, రెండేళ్ళుగా చేస్తున్నాను, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. ఆ రోజు పదకొండు గంటలకు యూనిఫారాలు నాలుగు, జాకెట్లు రెండు, నీ గౌను. వరసగా ఉన్నాయి. గౌను మీద చీటీ ఉంది. చీటీ మీద నా చేతివ్రాత. "చెల్లి పాప. పొడవు 22. 12న పార్సిల్." నీ ఉత్తరానికి తాళం వేసి తాళం మెడలో వేసుకున్నాను. చీటీ రాసి రెండు వందల పద్నాలుగు మందికి చూపించాను.

పిన్ని దాన్ని గ్రూపులో పెట్టింది. అందరూ దాన్ని పసిగుడ్డు గౌను అనుకున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. పక్కనే 22 అని ఉందే! ఇరవై రెండు అంగుళాల గౌను వేసుకుని పుట్టే బిడ్డ ఎక్కడైనా ఉంటుందా? పుట్టగానే నడిచి బడికి పోతుందా? అరవై మందిలో ఒక్కరికి కొలత చదవడం రాదు, పేర్లు సూచించడం మాత్రం వచ్చు.

కోడలికి క్షమించమని చెప్పాను. "పరవాలేదు" అని చెప్పిన తీరు చూస్తే పరవా ఉన్నట్టే ఉంది. మరిదికి నేను చెప్పలేను. నువ్వే చెప్పు. తప్పు నాది అని నా మాటగా చెప్పు.

చేసిన దాన్ని చక్కబెట్టాలని నిన్న నేనే గ్రూపులో రాశాను. "మా చెల్లికి అలాంటిదేమీ లేదు. దయచేసి ఎవరూ ఫోన్లు చేసి బాధపెట్టవద్దు." గౌను సంగతి ఎత్తలేదు. ఒకటికి నాలుగుసార్లు చదువుకుని పెట్టాను. ఇక నీకు ఫోన్లు రావు.

అక్క

ఏప్రిల్ 9

అక్కా,

నువ్వు ఇక గ్రూపులో ఏమీ రాయకు. రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను.

లేదు, బాధపెట్టవద్దు అంటే మనవాళ్ళకు ఏం అర్థమైందో తెలుసా? కడుపు పోయిందని. పావుగంటలో మొదటి ఓదార్పు వచ్చింది. ఎడమవైపు పడుకోమన్నాయన ఈసారి గుండె దిటవు చేసుకోవడం మీద వీడియో పంపాడు. నర్సరీ యజమాని నాలుగు రోజులు సెలవిచ్చాడు. నాకేమీ కాలేదండీ అంటే, "అలాగే అనిపిస్తుందమ్మా మొదట్లో" అన్నాడు. ఆయనకు మొదట్లో అన్న మాట తప్ప ఇంకోటి రాదు.

సోమవారం పొద్దున్నే పిన్ని సంచి పట్టుకుని దిగింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి, తలకు గుడ్డ కట్టి, పక్కన కూర్చుని ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు ఆవిడ తలుపు కొట్టింది. ఆవిడ చేతిలో నేను ఇచ్చిన డాక్టరు కాగితం ఉంది.

"ఈవిడెవరు?" అంది.

నేను నోరు తెరిచేలోగా పిన్ని అందుకుంది. "దాని తల్లి తర్వాత తల్లినండీ. మీరు డాక్టరమ్మా? ఎన్నో నెలలో పోయిందండీ?"

ఆవిడ కాగితం వంక చూసింది, నా తలగుడ్డ వంక చూసింది. "ఇందులో లేదని ఉంది. అసలు లేదా, ఉండి పోయిందా? ఒక ఇంటికి ఎన్నిసార్లు రావాలమ్మా నేను?" అంది. ఆవిడకు కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. పెన్ను మూత పెట్టేసింది. పదో తేదీకి మూడు రోజులుంది.

అప్పుడు మీ మరిది మాట్లాడారు. వాకిట్లో మోటారు విప్పుతున్నవారు లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, అందరికీ వినబడేలా చెప్పారు. "లేదండీ. ఎప్పుడూ లేదు. మేము ఒక పాపను అడిగాం. ఆ పాప గౌను చూసి వీళ్ళు అనుకున్నారు. ఈవిడకు మేం చెప్పలేదు. చెప్పాలనుకోలేదు."

పిన్ని ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. "నాకు చెప్పకుండానా?" అంది.

ఆఫీసు ఆవిడ పిన్నిని కాసేపు చూసింది. తర్వాత మా ఇద్దరినీ అడిగింది. "పిల్ల వచ్చాక ఇలాంటివాళ్ళు రోజుకొకరు వస్తారు. అప్పుడేం చేస్తారు?"

బడి గురించి, జ్వరం గురించి, నేను పనికెళితే ఎవరు చూస్తారన్న దాని గురించి జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఇది అనుకోలేదు. ఆయన మాత్రం వెంటనే, "తలుపుందండీ" అన్నారు.

ఆవిడ లేచి వెళ్ళి తలుపు వేసి చూసింది. గడియ పెట్టి చూసింది. వచ్చి కూర్చుని పెన్ను మూత తీసి పది నిమిషాలు రాసింది. ఏం రాసిందో తెలియదు. వెళుతూ, "గడియ పిల్ల చేతికి అందకుండా పైన పెట్టించండి" అంది. దానికి ఏం అర్థం చెప్పుకోవాలో తెలియక ఇద్దరం గుమ్మంలో నిలబడిపోయాం.

పిన్ని ఆ మధ్యాహ్నమే బయలుదేరింది. "నా నోటినుంచి రాదు" అంది. బస్టాండు నడిచే దూరం.

ఆయనకు నీ మాట చెప్పాను. "సర్లే" అన్నారు. ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నట్టున్నారు.

చెల్లి

ఏప్రిల్ 15

చెల్లాయ్,

పిన్ని బస్సెక్కక ముందే చెప్పేసింది. సీటు దొరికాక రెండో విడత. ఎక్కడి పిల్ల, ఎవరి పిల్ల, ఎందుకు వదిలేశారు అని నలుగురు నాలుగు కథలు అల్లారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. వచ్చిన పది నిమిషాలకు నాకు ఒంట్లో బాగోలేదని మీ బావకు ఫోన్లు వచ్చాయి. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను.

స్టేటస్‌లో ఫోటోలు మానేశాను. షాపు మూసేశారా అని ముగ్గురు వచ్చి అడిగారు.

నువ్వు దాచమన్న ఒక్క సంగతి దాచలేకపోయాను. ఆ పిల్ల బడికెళ్ళేసరికి ఎంతమందికి తెలిసి ఉంటుందో లెక్క వేస్తుంటే కుట్లు వంకర పోతున్నాయి. ఆఫీసు నుంచి ఏం తెలిసినా రెండు ముక్కలు రాయి. ఇస్తామన్నా, ఇవ్వమన్నా.

అక్క

జూన్ 21

అక్కా,

ఏప్రిల్ చివర్లో సరేనన్న కాగితం వచ్చినప్పుడు రెండు ముక్కలే రాశాను. పిల్ల ఇంట్లోకి వచ్చేదాకా మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు. వచ్చి తొమ్మిది రోజులైంది.

నేను భయపడినట్టే అయింది. ఆటో దిగేసరికి వీధిలో అందరికీ తెలుసు. టీచరమ్మ, ఎదురింటివాళ్ళు, ఎప్పుడూ పలకరించని కిరాణా కొట్టు ఆయన, అందరూ ఏదో పని ఉన్నట్టు గుమ్మాల్లో నిలబడ్డారు. టీచరమ్మ ఉండబట్టలేక వంగి, "ఎవరమ్మా నువ్వు?" అంది. ఆయన పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఆగిపోయారు. మూడు నెలలుగా ఆ ప్రశ్న గురించే కదా మన తల ప్రాణం తోకకు రావడం.

పిల్ల ఆవిడను కిందనుంచి పైకి చూసి, "ఇల్లు చూడ్డానికొచ్చాను" అంది.

"ఓహో! నచ్చిందా?"

"ఇంకా లోపలికి వెళ్ళలేదు. మీరు అడ్డంగా ఉన్నారు."

టీచరమ్మ పక్కకు జరిగింది. పిల్ల వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. మేమిద్దరం వెనకాల వెళ్ళాం.

ఇంతవరకు నచ్చిందని చెప్పలేదు. కిటికీ బాగుందట. నేను తల దువ్వితే నొప్పట, ఆయన దువ్వాలట. ఆయనకు జడ వేయడం రాదు, రాగితీగ చుట్టినట్టు చుడుతున్నారు, అలాగే తిరుగుతోంది. ఎవరైనా నన్ను ఆ పిల్ల గురించి అడిగితే, తననే అడగండి అంటున్నాను. అడిగిన వాళ్ళకు ఏదో ఒకటి చెబుతోంది. కిరాణా కొట్టు ఆయనకు, తనకు ముందు ఇంకో పేరుండేదని, అది ఏమిటో చెప్పనని చెప్పిందట. ఆయన ఇంకెవరికీ ఏమీ చెప్పలేకపోతున్నాడు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. నా చేతులు మట్టిలో ఉన్నాయి. పిల్ల తీసి చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. నేను చేతులు కడుక్కొచ్చేసరికి ఫోన్‌ను కిటికీలో పెట్టేసి బొమ్మలు గీసుకుంటోంది. ఫోన్‌లోంచి పిన్ని గొంతు ఇంకా గలగలా వస్తూనే ఉంది.

"ఎవరు?" అన్నాను.

"తెలీదు" అంది తల ఎత్తకుండా. "నా పేరు అడిగింది, నేను చెప్పేలోపు అదీ తనే చెప్పేసింది."

నీ చెల్లి